తిరుగుతుంది, వేడెక్కదు

జనవరి నెల. ఫజర్ నమాజు ముగించుకొని టీ కప్పు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను మోగింది. షికాగో శివారులో కాపురముంటున్న మా చెల్లెలి కూతురు. ఇక్కడ ఉదయం ఆరుంబావు అయితే అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రం ఆరుముప్పావు. సలాము ముగియగానే అసలు విషయానికి వచ్చేసింది. "మామూ, మా డ్రైయరు తిరుగుతోంది గానీ వేడెక్కడం లేదు. గంటసేపు తిప్పినా బట్టలు చల్లగా, తడిగానే బయటికి వస్తున్నాయి. బయట చూస్తే మంచు. పాపకు మూడో నెల. రోజుకు ఎన్ని బట్టలు తడుస్తాయో మీకు తెలియనిది కాదు. ఏం చేయమంటారు?"

ఐ.టి.ఐ.లో విద్యుత్ విభాగంలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని గనుక బంధువుల ఇళ్లలో మిక్సీ మొరాయించినా నాకే కబురు వస్తుంది. అయితే ఏడు సముద్రాల అవతలి యంత్రానికి ఫోనులోనే నాడి పట్టవలసి రావడం మాత్రం అదే మొదలు.

ఆ పూట మా చెల్లెలికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోయింది. "డ్రైయరులో వేడి ఎందుకుంటుంది భాయ్‌జాన్? మా ఇంట్లో ఉన్నదానిలో ఎన్నడూ వేడి చూడలేదే!" ఆమె అన్నదానిలో తప్పు లేదు. మన ఇళ్లలో డ్రైయరు అంటే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషనులోని రెండో తొట్టి. అది బట్టలను అతివేగంగా తిప్పి నీటిని పిండివేస్తుందే తప్ప ఆరబెట్టదు. అందులో హీటరే ఉండదు. కనుక అది వేడెక్కడం లేదని మెకానిక్కును పిలిచినవారు ఎవరైనా ఉంటే, ఆ ఖర్చు వృథా.

అమెరికా ఇళ్లలోని డ్రైయరు వేరు. ఒక మోటారు పెద్ద డ్రమ్మును నిదానంగా తిప్పుతూ, అదే ఇరుసుతో ఒక ఫ్యానును కూడా తిప్పుతుంది. ఆ ఫ్యాను గదిలోని గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి హీటరు పెట్టెగుండా వేడెక్కి, తిరుగుతున్న బట్టల నడుమనుంచి సాగి, వాటి తేమను మోసుకొని వెనుకనున్న గొట్టం ద్వారా ఇంటి బయటికి పోతుంది. డ్రమ్మును తిప్పే విద్యుత్తు దారి ఒకటి, హీటరును వెలిగించే దారి మరొకటి. హీటరు దారి తెగినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి చప్పుడు వస్తున్నంత మాత్రాన యంత్రమంతా సవ్యంగా ఉన్నట్టు కాదు.

మొదట అడగవలసిన ప్రశ్న అడిగాను. "బేటీ, మీట ఎక్కడ పెట్టావు?" ఈ యంత్రాలలో వేడి లేకుండా కేవలం గాలితో తిప్పే అమరిక ఒకటి ఉంటుంది. దుప్పట్లు, దిండ్లు దులపడానికి అది పనికివస్తుంది. చేయి తగిలి మీట అక్కడికి జరిగిందేమో చూడాలి కదా! జరగలేదట. డ్రమ్ము ఖాళీ చేసి, వేడి ఎక్కువలో పెట్టి, సమయాన్ని నిర్ణయించే అమరికతో ఐదు నిమిషాలు నడిపి, తలుపు తీసి చేయి పెట్టి చూడమన్నాను. "ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది మామూ" అన్నది.

రెండవది బ్రేకరు. ఇది మనవారికి కొత్తగా తోచే సంగతి గనుక కొంత వివరిస్తాను. మన ఇంటి ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. అమెరికాలో మామూలు ప్లగ్గులో ఉండేది 120 మాత్రమే. విద్యుత్ డ్రైయరు కోసం 120 వోల్టుల తీగలు రెండింటిని జతచేసి 240 వోల్టులు అందిస్తారు. దానికి 30 ఆంపియర్ల జంట బ్రేకరు ఉంటుంది. హీటరుకు రెండు తీగలూ కావాలి. అక్కడి డ్రైయర్లలో చాలావాటి మోటారుకు ఒక్కటి చాలు. జంట బ్రేకరులో ఒక సగం లోలోపల తెగిపోయినా, పైకి మీట సరిగానే కనిపించవచ్చు. అప్పుడు మోటారు హాయిగా తిరుగుతుంది, హీటరు మాత్రం వెలగదు. అందువల్ల బ్రేకరును చూసి ఊరుకోకుండా పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ గట్టిగా ఆన్ చేయాలి. తిరిగి వెంటనే పడిపోతే మరోసారి వేయకుండా ఎలక్ట్రీషియన్ను పిలవాలి. మా మేనకోడలు కిందికి వెళ్లి ఆ పని చేసి వచ్చింది. మార్పు లేదు.

అప్పుడు మరో ప్రశ్న వేశాను. నిజానికి దీనినే ముందు అడిగి ఉండవలసింది. "ఇది నిన్నటిదాకా బాగా పనిచేసి ఉన్నట్టుండి ఆగిందా, లేక కొంతకాలంగా బట్టలు ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటోందా?"

ఒక క్షణం ఆలోచించి చెప్పింది. నెల రోజులుగా ఒకసారి తిప్పితే ఆరడం లేదట, రెండుసార్లు తిప్పవలసి వస్తోందట. పాప బట్టలు కలవడం వల్ల బరువు పెరిగిందేమో అనుకున్నదట. పైగా ఈమధ్య యంత్రం పైభాగం చేయి పెడితే చురుక్కుమనేదట.

సగం జబ్బు అక్కడే బయటపడింది. గాలి పోవలసిన దారి మూసుకుపోతున్నప్పుడు యంత్రం సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. బయటికి వెళ్లి గోడకున్న గొట్టం మూతను చూసి రమ్మన్నాను. యంత్రం నడుస్తున్నప్పుడు ఆ మూత రెక్క పైకి లేచి, గాలి ధారగా రావాలి. శాలువా కప్పుకొని వెళ్లి వచ్చింది. రెక్క కదలనే లేదు. దాని వెనుక పిట్టలు దూరకుండా ఎవరో బిగించిన జాలీ ఉన్నదట, దానికి బూడిదరంగు నమదా ముక్క అతికించినట్టు ఉన్నదట. అది నమదా కాదు. బట్టలనుంచి రాలిన నూగు. ఆ నియమం తెలిసినవారు డ్రైయరు గొట్టం చివర జాలీ బిగించరు.

ఇంతలో ఫోను అల్లుడి చేతికి మారింది. నేను ఊహించని సంగతి అప్పుడు తెలిసింది. పక్కింటి మిత్రుడొకరు మల్టీమీటరు తెచ్చి, ప్లగ్గు తీసి, వెనుక రేకు విప్పి, హీటరు పెట్టెకు అతికి ఉన్న చిన్న బిళ్ల తెగిపోయిందని అప్పటికే కనిపెట్టాడట. పరీక్ష సరైనదే. ఆ బిళ్ల పేరు థర్మల్ కటాఫ్. బాగున్నప్పుడు దాని రెండు కొసల మధ్య మీటరు దాదాపు సున్నా ఓములు చూపాలి. తెగిపోతే ఏమీ చూపదు. అయితే ఆయన సూచించిన చికిత్సే నా చేతిలోని టీని చల్లార్చింది.

"మామూ, ఆ రెండు తీగలూ కలిపేస్తే ఈ రాత్రికి నడిచిపోతుందంటున్నారు. కొత్తది తెప్పించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక్క రాత్రికే కదా?"

"బాబూ, పాప ఏ గదిలో పడుకుంటుంది?" అని అడిగాను.

"డ్రైయరున్న గది పక్కనే మామూ."

అతనికి చెప్పినదే పాఠకులకూ చెబుతాను. హీటరు పెట్టెమీద సాధారణంగా రెండు కాపలాదార్లు ఉంటారు. మొదటిది హై లిమిట్ థర్మోస్టాట్. బహుళ ప్రచారంలో ఉన్న ఒక రకంలో పెట్టె వేడి సుమారు 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే అది హీటరును ఆపి, చల్లబడ్డాక తిరిగి వెలిగిస్తుంది. రెండవది ఈ కటాఫ్. మొదటిది విఫలమై వేడి సుమారు 178 డిగ్రీలు దాటితే ఇది శాశ్వతంగా తెగిపోతుంది. తిరిగి అతుక్కోదు. అలా తయారుచేయడమే దాని ఉద్దేశం.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో చూడండి. గొట్టం మూసుకుపోయింది. గాలి కదలక హీటరు వేడి పెట్టెలోనే నిలిచిపోయింది. మొదటి కాపలాదారు నెలరోజులపాటు క్షణక్షణమూ ఆపుతూ, వెలిగిస్తూ అలసిపోయాడు. బట్టలు ఆలస్యంగా ఆరినది అందుకే. చివరికి ఒకనాడు రెండోవాడు ప్రాణమిచ్చి హీటరును ఆపాడు. అతడి స్థానంలో ఒక తీగముక్క పెడితే, మూసుకుపోయిన గొట్టం అలాగే ఉంటుంది, లోపల ఎండిన నూగు అలాగే ఉంటుంది, దాదాపు 5,000 వాట్ల హీటరు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా వెలుగుతుంది. మన ఇంటి గీజరు సాధారణంగా 2,000 వాట్లదే. ఎండిన నూగు దూదివలె అంటుకుంటుంది.

అమెరికా ప్రభుత్వపు అగ్నిమాపక విభాగం 2008 నుంచి 2010 వరకు జరిగిన ప్రమాదాలను పరిశీలించి, డ్రైయర్ల కారణంగా ఏటా సుమారు 2,900 ఇళ్లలో మంటలు చెలరేగుతున్నాయని తేల్చింది. కారణాలలో మొదటిది శుభ్రం చేయకపోవడం, 34 శాతం. నెలలలో మొదటిది జనవరి.

అల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అసలు భయం బయటపెట్టాడు. ఆ ఇల్లు అద్దెది, యంత్రమూ యజమానిదే. చెడగొట్టింది మీరేనని ఆ మొత్తం తమ అడ్వాన్సులో కోసుకుంటారేమోనని, చెప్పకుండా సరిచేసుకుందామని చూశారు. పరాయి దేశంలో కొత్త కాపురం, కొత్త ఖర్చులు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. అయినా ఒక్క సంగతి అడిగాను. "తీగ కలిపినది మీరేనని రేపు తెలిస్తే అడ్వాన్సుతో పోతుందా?" గోడలోని గొట్టాన్ని, దాని చివరి జాలీని అద్దెకున్నవారు బిగించలేదు. మూసుకుపోయిన జాలీని ఫొటో తీసి, బట్టలు ఎప్పటినుంచి ఆలస్యంగా ఆరుతున్నాయో తేదీతో సహా రాసి, యంత్రాన్ని ప్లగ్గు తీసి ఆపివేశామని చెప్పి, ఆ రాత్రే యజమానికి సందేశం పంపమన్నాను. వెనుక రేకు విప్పిన సంగతి కూడా దాచవద్దన్నాను. అతను ఒప్పుకున్నాడుగానీ గొంతులో ఉత్సాహం లేదు.

మరి ఆ రాత్రి బట్టల సంగతి? వాషింగ్ మిషనులో చివరి పిండుడు మరోసారి తిప్పమన్నాను. దానితో మరికొంత తడి పోతుంది. ఆపైన మడత స్టాండుమీద పలుచగా పరచాలి. షికాగో చలికాలంలో ఇంటిని వేడిచేసే గాలి పొడిగా ఉంటుంది గనుక పాప బట్టలు తెల్లవారేసరికి ఆరిపోతాయి. అయితే గదిలో పెట్టుకునే విడి హీటరుకు మూడడుగుల లోపు ఏ గుడ్డా ఉండరాదు. మా కాలంలో బొగ్గుల కుంపటిమీద వెదురుబుట్ట బోర్లించి పసిపిల్లల గుడ్డలు ఆరబెట్టేవారు. వాటిలో కొన్ని కాలిపోవడం నేను చూశాను.

మూడవ రోజు యజమాని పంపిన పనివాడు వచ్చాడు. యంత్రాన్ని ముందుకు లాగితే ఇంకొక తప్పు కనిపించింది. దాని వెనుకనున్న సన్నని రేకుగొట్టం గోడకు నొక్కుకొని చపాతీలా చదునైపోయింది. ఎప్పుడో నేల తుడవడానికి జరిపి, తిరిగి గట్టిగా తోసిన ఫలితం. గొట్టమంతటిలోనుంచి తీసిన నూగుతో ఒక సంచి నిండింది. జాలీ తీసివేశారు. నలిగిపోయిన గొట్టం బదులు నాలుగంగుళాల వ్యాసంగల గట్టి లోహపు గొట్టం అమర్చారు. అక్కడి గృహనిర్మాణ నియమావళి ప్రకారం ఆ గొట్టం మొత్తం పొడవు సాధారణంగా 35 అడుగులు మించరాదు. తొంభై డిగ్రీల వంపు ఒక్కొక్కటీ అందులో ఐదడుగులుగా లెక్క. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఎక్కడైనా ఉంటే అది తక్షణం మార్చవలసినదే. ఆ తరువాతనే పనివాడు కటాఫ్‌ను మార్చాడు. దానితోపాటు హై లిమిట్ థర్మోస్టాట్‌ను కూడా మార్చాడు. ఈ రెండూ ఒకే పొట్లంలో జతగా అమ్మేది ఇందుకే. అలసిన కాపలాదారును అక్కడే వదిలి కొత్తవాడిని ఒక్కడినే పెట్టడం సగం పని. ఇప్పుడు ఒక విడత బట్టలు ముప్పావు గంటలో ఆరుతున్నాయట. మరమ్మతు డబ్బు యజమానే ఇచ్చుకున్నాడు. రేకు విప్పినందుకు నాలుగు మాటలు మాత్రం అన్నాడట.

అన్ని ఇళ్లలోనూ కారణం ఇదే కానక్కరలేదు. గొట్టం శుభ్రంగా ఉండి, ఉన్నట్టుండి వేడి ఆగిపోతే హీటరు తీగచుట్టే తెగి ఉండవచ్చు. బాగున్న చుట్టకు మీటరు సాధారణంగా 10 ఓముల ప్రాంతంలో చూపుతుంది. తెగినదానికి ఏమీ చూపదు. చుట్ట తెగకుండా సాగి పెట్టె రేకును తాకినా ప్రమాదమే. అప్పుడది థర్మోస్టాట్ మాట వినకుండా వెలుగుతుంది. కాబట్టి చుట్ట కొసకు, రేకుకు మధ్య కూడా మీటరు పెట్టి చూడాలి. అక్కడ ఏమీ చూపకపోవడమే మంచిది. మోటారు పూర్తి వేగం అందుకుంటేనే హీటరును వెలగనిచ్చే స్విచ్చు మోటారులోనే ఒకటి ఉంటుంది, అరుదుగా అదీ చెడుతుంది. గ్యాసుతో నడిచే డ్రైయర్లు ఆ దేశంలో చాలా ఉన్నాయి. వెనుక గ్యాసు పైపు, మామూలు 120 వోల్టుల ప్లగ్గు ఉంటే అది గ్యాసుదే. నిప్పుకడ్డీ ఎర్రబడి, మంట అంటుకోకుండానే ఆరిపోతూ ఉంటే గ్యాసు వాల్వుకున్న కాయిల్స్ బలహీనపడ్డాయని అనుభవజ్ఞులు గుర్తిస్తారు. దానిమీద ఇంటివారు చేయి వేయరాదు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులేవీ తాకకుండా పిల్లలతో సహా బయటికి రావడమే పని.

గల్ఫ్ దేశాల్లోని మనవారు, ఇక్కడ అపార్టుమెంట్లలో వర్షాకాలం బాధపడలేక డ్రైయరు కొనుక్కున్నవారు కూడా కొందరు ఈ శీర్షిక చదువుతుంటారు. మీ యంత్రాలు 230 వోల్టుల ఒకే ప్లగ్గుతో నడుస్తాయి గనుక, సగం కరెంటు పోయి సగం ఉండడమన్నది ఉండదు. చాలావాటికి బయటికి పోయే గొట్టమూ ఉండదు. తేమను నీరుగా మార్చి ఒక డబ్బాలో నింపుతాయి. వాటిలో ఆ డబ్బా ఖాళీ చేయడం, కింద ఉండే కండెన్సరును లేదా దాని ముందరి జాలీని పుస్తకంలో చెప్పినట్టు శుభ్రం చేయడం ముఖ్యం. హీట్ పంప్ రకం కొన్నవారు వేడి లేదని కంగారు పడవద్దు. అది తక్కువ వేడితో, ఎక్కువసేపు ఆరబెడుతుంది. బట్టలు ఆరుతున్నంతవరకు దానికి జబ్బు లేనట్టే.

ఏ రకానికైనా నూగు జల్లెడను ప్రతిసారీ తుడవాలి. బట్టలు మెత్తబడడానికి వేసే సువాసన కాగితాలు వాడేవారు జల్లెడమీద నీళ్లు పోసి చూడండి. నీళ్లు కిందికి జారక నిలిచిపోతే దానిమీద కంటికి కనిపించని పొర పేరుకున్నట్టు. సబ్బునీటితో మెత్తని బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి పెట్టాలి. దావతు మరునాడు నూనె, నెయ్యి అంటిన వంటింటి గుడ్డలను డ్రైయరులో వేయకండి. ఉతికినా మిగిలిన నూనె వేడికి రగిలి, ఆరాక మడతపెట్టిన కుప్పలోనుంచే మంట లేచిన సందర్భాలు ఉన్నాయి.

ఇక మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. తీగలు కలిపేసే ఆ విద్య షికాగోలో పుట్టింది కాదు. ఇక్కడ గీజరు నీళ్లు కాగడం లేదని పిలిస్తే, పెట్టె విప్పి చూసి, "కటౌట్ పోయిందండీ, డైరెక్ట్ చేసేశాను" అని నవ్వుతూ చెప్పే పనివారు ఎందరో. నీళ్లు కాగుతాయి గనుక మనమూ సంతోషంగా డబ్బులిచ్చి పంపుతాం. మీ గీజరు ఇటీవల మరమ్మతుకు వచ్చి ఉంటే, పనివాడికి ఫోను చేసి డైరెక్ట్ చేశాడా, కొత్త కటౌట్ వేశాడా అని అడగండి. డైరెక్ట్ అని జవాబు వస్తే మెయిన్ స్విచ్చు ఆపివేసి, కొత్తది వేసేదాకా వేన్నీళ్లు పొయ్యిమీద కాచుకోండి.

మా మేనకోడలు ఆ తెగిన బిళ్లను పారేయకుండా పనివాడి దగ్గర అడిగి తీసుకున్నది. రంజాను సెలవులకు వచ్చిన వారెవరితోనో నాకు పంపింది. రూపాయి బిళ్లంత కూడా లేదు. నా బల్లమీద మల్టీమీటరు పక్కనే పెట్టాను. పరీక్షించి చూస్తే మీటరు ఇప్పటికీ ఏమీ చూపడం లేదు.